రెండు సైజులు వదులు

బట్టల షాపు వెనక గది. షాపు ముందు అద్దాల వెనక నిలబెట్టే బొమ్మలకు అక్క బట్టలు తొడిగేది ఇక్కడే. ఇవాళ తమ్ముడికి తొడుగుతోంది. పొద్దున ఎనిమిదిన్నర, షాపు ఇంకా తెరవలేదు.

"కదలకురా. కదిలితే గుండుసూది నీకే గుచ్చుకుంటుంది."

"ఇప్పటికే గుచ్చుకుందక్కా."

"ఎక్కడ?"

"వీపు మీద. రెండు చోట్ల."

"మరి నోరెత్తలేదేం?"

"ఈ బొమ్మలేవీ నోరెత్తట్లేదు కదా, నేనొక్కణ్ణే అరిస్తే బాగుండదని ఊరుకున్నా."

"వేళాకోళాలకేం తక్కువ లేదు. చేతులు పక్కకి చాపు. ఊఁ, ఇంకాస్త. ఒరేయ్, ఇది చొక్కానా గుడారమా? నీదేనా అసలు?"

"నాదే. బస్సు డిపోలో ఇచ్చిందే. జేబు మీద నా నెంబరుంది చూడు."

"నెంబరుందిలే. లోపల మనిషే లేడు."

"అక్కా."

"ఏంటి?"

"అలా అనకు."

"ఏదో మాటవరసకి అన్నానురా. నువ్వు మాత్రం ఎన్నయినా అనొచ్చు, నేనంటే తప్పొచ్చిందా? పదింటికే కదూ డాక్టరు పరీక్ష?"

"పదింటికే. నాది నాలుగో నెంబరు."

"లోపల ఏమేం చూస్తారో ఇంకోసారి చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?"

"చెప్పరా. ఎటునుంచి చూస్తారో తెలిస్తే కదా ఎటు ఏం దాచాలో తెలిసేది."

"తలుపు తీయగానే ఎదురుగా డాక్టరమ్మ బల్ల. గోడకి అక్షరాల అట్ట. చదవమంటుంది. కళ్ళు నాకు బాగానే ఉన్నాయి. తర్వాత బీపీ. తర్వాత బరువు."

"ఆ బరువే మన గండం."

"గండం కాదు. కాటా పాడై రెండేళ్ళైంది. కొత్తది తెప్పిస్తున్నాం, తెప్పిస్తున్నాం అంటారు, అది రాదు. నిరుడు డాక్టరమ్మ నా పాత కాగితంలో అంకె చూసింది, నా మొహం చూసింది, డెబ్బై ఎనిమిది అని రాసేసింది."

"అంటే కంటితోనే తూకం."

"కంటితోనే."

"అయితే నా చేతిలో పనే. దారిన పోయేవాళ్ళ కంటిని మాయ చెయ్యడమే కదా పద్దెనిమిదేళ్ళుగా నా ఉద్యోగం. అది సరేగానీ, నిజంగా ఎంతున్నావిప్పుడు?"

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? మందుల షాపు ముందు మిషనుంది, ఎక్కి చూసుకోలేదా?"

"ఎక్కితే తెలిసిపోతుందని ఎక్కలేదు."

"ఇటు తిరుగు."

"నువ్వు నన్ను తిట్టాలి ఇప్పుడు. ఊరుకున్నావేం?"

"కుట్లు విప్పుతున్నా, కనబడట్లేదా? ఈ పక్క కుట్లు విప్పితే ఇంకాస్త గుడ్డ వస్తుంది."

"విప్పుతున్నావా? మొన్నటిదాకా వేస్తూ వచ్చింది నువ్వే కదా?"

"ఎవరు? నేనా?"

"అక్కా, నాకు తెలీదనుకున్నావా? మా ఆవిణ్ణి మంచం దిగొద్దన్నప్పట్నుంచీ మా బట్టలు నువ్వే ఉతుకుతున్నావు. ఉతికి ఇచ్చినప్పుడల్లా చొక్కా అరంగుళం తగ్గేది. ఉతికితే ముడుచుకుందేమో అనుకున్నా మొదట్లో. తర్వాత ప్యాంటు హుక్కు జరిగింది. ఆ తర్వాత బెల్టుకి కొత్త చిల్లు పడింది. ఒక్క మాట అనలేదు నువ్వు."

"నువ్వూ అడగలేదుగా."

"నువ్వు చెప్తావేమో అని చూశా."

"నువ్వు చెప్తావేమో అని నేను చూశా."

"నాలుగు నెలలు."

"ఊఁ."

"మొత్తం ఎంత లోపలికి పట్టావు?"

"వదిలెయ్‌రా."

"ఎంతక్కా?"

"చెరోవైపు రెండంగుళాల పైమాటే. చాలా? ఇంక గడ్డం ఎత్తు."

"కుట్లు విప్పితే ఇంకా వదులైపోతుంది కదా? నాకు బుర్ర తిరుగుతోంది. దాచాలంటావు, మళ్ళీ పెద్దది చేస్తావు."

"చెప్తా విను. బిగించి కుడితే నీకు సరిపోతుంది, నిజమే. కానీ నిరుడు నిన్ను చూసినవాళ్ళకి ఇవాళ సగం మనిషి కనబడతాడు. చొక్కా వదులుగానే ఉండాలి. ఆ వదులు నువ్వు కోరి తొడుక్కున్నట్టు ఉండాలి, అదీ పని. కుర్రాళ్ళని చూడట్లేదూ? రెండేసి సైజులు పెద్దవి తొడుక్కుని దర్జాగా తిరుగుతున్నారు. వాళ్ళని చూసి ఎవరన్నా అయ్యో పాపం అంటున్నారా?"

"నాకు ముప్పై ఆరేళ్ళు."

"మీసం నున్నగా దువ్వితే ముప్పైకి దిగుతావు. ఇదిగో, ఈ మెత్తలు భుజాల కింద పెడుతున్నా. భుజం ఒక్కటి సరిగ్గా కూర్చుంటే కింద ఎంత వేలాడినా హుందాగానే ఉంటుంది. భుజం జారిందా, అన్న చొక్కా తమ్ముడు దొంగతనంగా వేసుకున్నట్టే."

"ఈ మెత్తలెవరివి?"

"అదిగో, మూల నిలబడ్డాడే, ఆ కోటు బొమ్మవి."

"మరి వాడికో?"

"వాడికి ఇవాళ సెలవు. ఎదర మాత్రం చొక్కా లోపలికి దోపు. మొత్తం కాదురా, ఎదరే. అలా దోపితే నడుముందని తెలుస్తుంది, ఎంతుందో తెలీదు. వెనక ఎక్కువైందంతా నేను మడిచి క్లిప్పు పెట్టేస్తా, పైన నీ డ్యూటీ కోటు వస్తుంది. ప్యాంటు మడత చూడు, కత్తిలా పెట్టాను. మడత నిటారుగా ఉంటే లోపల కాలు లావా సన్నమా అని ఎవరూ వెతకరు."

"చేతులు మడవనా?"

"వద్దు."

"కుర్రాళ్ళు మడుస్తారు కదా."

"వదులు చొక్కాకి మణికట్టు కనబడాలి. అదే అందం. నీకు వద్దు."

"ఎందుకని?"

"వద్దన్నానా? బొత్తాం పెట్టు."

"చిన్నప్పుడు కూడా ఇంతేనక్కా. బడి తెరిచారంటే అమ్మ రెండు సైజులు పెద్దది కుట్టించేది. పెరుగుతాడులే అనేది. నువ్వు నన్ను గుమ్మంలో నిలబెట్టి, చేతులు మడిచి, నడుం దగ్గర పిన్నీసు పెట్టి పంపేదానివి."

"ఏడుస్తూ వెళ్ళేవాడివి, అందరూ నవ్వుతున్నారని."

"మళ్ళీ ఏడాదికి సరిపోయేదిగా."

"సరిపోయేది."

"ఇది ఎప్పటికి సరిపోతుందంటావ్?"

"కోటు తొడుక్కో. టైమవుతోంది."

"ఈ ఎండలో కోటా?"

"తొడుక్కోమన్నానా? ఆఁ, అలా. బొత్తాలు పెట్టకు, వదిలెయ్. రెండు వైపులా నిలువు గీతలా దిగుతుంది, మనిషి నిటారుగా కనబడతాడు. తల కాస్త అటు తిప్పు, కాలర్ సర్దుతా. కాలర్లో నా నాలుగు వేళ్ళు దూరుతున్నాయి. ఇది... ఒరేయ్, ఇదేంటి?"

"ఏది?"

"ఇది. చెవి కింద."

"దోమ కుట్టింది."

"దోమా?"

"దోమే అక్కా."

"ఎప్పుడు కుట్టింది?"

"మూడు నెలలైంది."

"నిమ్మకాయంత ఉందిరా!"

"చిన్న నిమ్మకాయేలే."

"నొప్పెడుతుందా?"

"లేదు. నొప్పి ఉంటే బాగుండేదని ఒక్కోసారి అనిపిస్తుంది."

"ఇంకెక్కడన్నా ఉందా? మాట్లాడవేం? ఇందాక చేతులు చాపమంటే ఎడమ చెయ్యి సగమే ఎత్తావెందుకు?"

"సూది గుచ్చుకుంటుందని."

"సూదులు వీపున పెట్టాను."

"కాలర్ సర్దు అక్కా. ఇందాకట్నుంచీ టైమవుతోంది, టైమవుతోంది అంటున్నావు కదా."

"..."

"ఏడుస్తున్నావా?"

"నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరన్నా ఏడుస్తారట్రా? కాలర్ లేపి నిలబెడుతున్నా. ఇలా నిలబెట్టడం ఇప్పుడు ఫ్యాషనే. కుడివైపు మెడ తిప్పకు. ఎవరన్నా పిలిస్తే ఒళ్ళంతా తిప్పు."

"ఇంటికెళ్ళాక దానికి చెప్పవు కదా?"

"మరదలికా? పిచ్చా నాకు? ఎనిమిదో నెల. కంగారు పడితే తల్లికీ బిడ్డకీ ప్రమాదం అని డాక్టరు చెప్పింది నా ఎదుటే. దానికింకా అనుమానం రాలేదా?"

"దానికి దాని పొట్టే లోకం. పడుకునే ఉంటుంది రోజంతా. నేను దుప్పటి చుట్టుకుని పక్కన కూర్చుంటా, చలేస్తోందంటా. ఇవాళ నన్ను బండి దింపేస్తే రేపు పొద్దున ఇంట్లో కూర్చోవాలి. ఎందుకు వెళ్ళలేదంటుంది. ఏం చెప్పను?"

"చెప్పే పని రాదు. రెండు నెలలు. కాన్పు కానీ. ఆ మర్నాడే నేను నీ చెవి పట్టుకుని పెద్దాసుపత్రికి లాక్కెళ్తా."

"రెండు నెలలు ఆగుతుందంటావా?"

"కాన్పా?"

"కాన్పు కాదు."

"ఆగుతుంది. ఆగక చస్తుందా? ఏదీ, అటు నడు. గోడ దాకా. ఇప్పుడు తిరుగు. అక్కడ ఆగు."

"ఏంటలా చూస్తున్నావ్? బాలేదా?"

"నిరుటి మనిషివేరా! అచ్చం నిరుటి మనిషివే. అద్దంలో చూసుకో."

"వీడెవడక్కా?"

"నువ్వే."

"బాగున్నాడు వీడు."

"ఉండడా మరి!"

"వీడికేం లేదు. వీడు హాయిగా ఉన్నాడు. నన్నే నమ్మించేస్తున్నావు నువ్వు."

"నమ్ము. నువ్వు నమ్మితే ఆవిడా నమ్ముతుంది. ఆ స్టూలు మీద కూర్చో, బూట్లు తుడిచేస్తా... లే! లే పైకి! లేవరా!"

"ఏమైంది? చిరిగిందా?"

"కూర్చోగానే భుజాలు చెవుల దాకా లేచాయి. కోటు ముందుకి పొంగింది. కాలర్ పడిపోయి మెడంతా బయటికొచ్చింది."

"నన్ను కూర్చోబెట్టి చూసుకోవద్దూ ముందే?"

"నా బొమ్మలు కూర్చోవురా! పద్దెనిమిదేళ్ళలో ఒక్క బొమ్మ కూర్చోలేదు! నిలబడ్డవాళ్ళకి, ఎదుటినుంచి చూడ్డానికి తొడగడమే నాకు తెలుసు."

"నేను డ్రైవర్ని అక్కా. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నేను చేసేదే కూర్చోవడం."

"తెలుసురా, తెలుసు, అరవకు. టైమెంతైంది?"

"తొమ్మిదింపావు."

"విప్పి మళ్ళీ పెట్టే వీల్లేదు. నువ్వు కూర్చోకు. ఏమన్నా సరే కూర్చోకు."

"అక్కడికెళ్ళేటప్పుడు బస్సులో?"

"నిలబడే వెళ్తాం."

"సీట్లు ఖాళీగా పెట్టుకుని, బస్సు డ్రైవర్ని, నేను నిలబడి..."

"నేనూ నిలబడతాలే నీ పక్కన. నడు."

డిపోలో డాక్టరు గది బయట వరండా. బెంచీ ఖాళీగా ఉంది. ఇద్దరూ నిలబడే ఉన్నారు.

"చెమట తుడుచుకో. రుద్దకు, అద్దు."

"లోపల రెండు బనియన్లు, చొక్కా, కోటు. బాయిలర్లో ఉన్నట్టుంది."

"గోడకి ఆనుకోకు, క్లిప్పులు ఊడతాయి."

"కూర్చోకూడదు, ఆనుకోకూడదు, మెడ తిప్పకూడదు. ఊపిరి పీల్చుకోవచ్చా?"

"మెల్లిగా. ఈ కాగితం ఏంటి?"

"ఇంటి మనిషి సంతకం పెట్టాలి దీని మీద. ప్రతి ఏడాదీ మా ఆవిడ వచ్చి పెట్టేది. అందుకే కదా నిన్ను తీసుకొచ్చింది."

"కళ్ళజోడు షాపులోనే వదిలేశాను. చదువు."

"'పై వ్యక్తి నాకు బాగా తెలిసినవాడు. తాగుడు అలవాటు లేదు. సరిగా నిద్రపోతాడు. బండి నడపడానికి అడ్డొచ్చే జబ్బేదీ ఇతనికి ఉన్నట్టు నాకు తెలియదు.'"

"తెలియదు అనే ఉందా?"

"తెలియదు అనే ఉంది."

"మంచిదే. నాకు తెలియదు. నీకు ఫలానా జబ్బని ఏ డాక్టరన్నా వచ్చి నాకు చెప్పాడా? లేదు. పెన్నివ్వు."

"ఆగక్కా. సంతకానికి ముందు నీకొకటి చెప్పాలి."

"వద్దు."

"చెప్పనీ."

"వద్దన్నానా? చెప్తే తెలుస్తుంది. తెలిస్తే ఈ కాగితం మీద చెయ్యి ఆడదు నాకు. సంతకం అయ్యాక చెప్పు."

"అప్పుడు చెప్పి ఏం లాభం?"

"పెన్నిటివ్వు. ఎక్కడ? ఇక్కడేనా?"

"ఆ గీత మీద."

"అయింది. ఇదిగో. ఇప్పుడు చెప్పు."

"మంగళవారం పొద్దుటి ట్రిప్పు. రైలు పట్టాల మీద వంతెన లేదూ? అది ఎక్కుతున్నా. ఎక్కడం గుర్తుంది."

"ఊఁ."

"దిగడం గుర్తులేదు."

"అంటే?"

"కళ్ళ ముందు నల్లగా అయింది. మళ్ళీ తెలివొచ్చేసరికి బస్సు స్టాపులో ఆగుంది. బ్రేకు మీద నా కాలే ఉంది. తలుపులు తెరిచే ఉన్నాయి. అందరూ దిగుతున్నారు. ఒక పెద్దాయన నా పక్కనుంచి దిగుతూ, మెల్లిగా తీసుకొచ్చావు బాబూ, చల్లగా ఉండు అన్నాడు. వంతెన కింద మలుపుంది. సిగ్నలుంది. అవన్నీ ఎలా దాటానో నాకు తెలీదక్కా."

"బస్సులో ఎంతమంది?"

"నిండా ఉన్నారు. నిలబడ్డవాళ్ళు కూడా."

"ఒక్కసారేనా?"

"అంతలా ఒక్కసారే."

"అంతలా అంటే? కొంచెం కొంచెంగా ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"ముందే చెప్పి చావొద్దట్రా! సంతకం పెట్టకముందు చెప్పాల్సిన మాట కదా ఇది!"

"చెప్పనిచ్చావా నువ్వు?"

"మెల్లిగా మాట్లాడు, వింటారు. బుధవారం వెళ్ళావా డ్యూటీకి?"

"వెళ్ళాను."

"గురువారం?"

"వెళ్ళాను. నిన్న కూడా వెళ్ళాను. వంతెన దగ్గరికి రాగానే నాలుక కొరుక్కుంటున్నా. నొప్పికి తెలివుంటుందని."

"దేవుడా!"

"ఇంటికి వెళ్ళిపోదామా అక్కా? నెంబరు పిలవకముందే?"

"వెళ్ళి? మరదలికేం చెప్తావ్? దానికేమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి? నువ్వా, నేనా?"

"నాకు భయమేస్తోంది."

"నాకు వెయ్యట్లేదనుకున్నావా? రెండు నెలలు. సెలవు పెడుతూ, మానేస్తూ, ఎలాగోలా గడుపుదాం. వంతెన లేని రూటు అడుగు."

"అన్ని రూట్లలోనూ మనుషులే ఎక్కుతారక్కా."

"నాలుగో నెంబరు! నాలుగో నెంబరు ఎవరయ్యా? డాక్టరమ్మ ఇంటి మనిషిని కూడా రమ్మంటున్నారు."

"వస్తున్నామండీ! నడు. తల ఎత్తు. చెవి కింద చెయ్యి పెట్టుకోకు."

డాక్టరు గది.

"రావయ్యా. కాగితం తెచ్చావా? ఈవిడెవరు?"

"మా అక్కండి, డాక్టరమ్మా. మా ఆవిడకి ఎనిమిదో నెల."

"ఓ, శుభం. కూర్చో."

"పర్వాలేదండి."

"డ్రైవర్లందరికీ కూర్చోమంటే ప్రాణం లేచొస్తుంది. నీకేంటి, మొహమాటమా? కూర్చో."

"వాడికి రాత్రి నడుం పట్టేసిందండి. బీరువా జరిపాడు."

"నడుం నొప్పా? రాయనా?"

"అబ్బే, నొప్పి కాదండీ! పట్టేసిందంతే. పొద్దుటికి పోయింది. కూర్చుంటే మళ్ళీ పట్టేస్తుందేమో అని... నిలబడితే హాయిగా ఉంటుందట."

"సరే, నిలబడే చదువు. కింది వరస."

"ర, చ, ణ, ప, మ, ల."

"ఎడమ కన్ను మూసుకుని."

"ల, మ, ప, ణ, చ, ర."

"బాగుంది. చెయ్యి బల్ల మీద పెట్టు, బీపీ చూస్తా. ఇన్ని పొరలేంటయ్యా బాబూ! ఉల్లిపాయలా ఉన్నావు."

"ఇప్పుడు పిల్లలందరూ ఇలాగే వేసుకుంటున్నారండి, పొర మీద పొర."

"నాకు తెలీదా అమ్మా? మా అబ్బాయీ అంతే. రెండు సైజులు పెద్దవి కొంటాడు. వాడు తొడుక్కుంటే గోనెసంచికి కాళ్ళొచ్చినట్టుంటుంది. ఇతనికి మాత్రం యూనిఫాం కూడా దర్జాగా ఉంది. ఎవరు నేర్పారయ్యా?"

"మా అక్కేనండి. బట్టల షాపులో బొమ్మలకి తొడుగుతుంది."

"అదీ సంగతి! సాయంత్రం మా వాణ్ణి పంపిస్తా మీ దగ్గరికి. ఇస్త్రీ చెడగొట్టడం ఎందుకు, పట్టీ బట్టల మీదే కట్టేస్తాలే. ఊఁ... కాస్త తక్కువగా ఉంది. పొద్దున ఏమన్నా తిన్నావా?"

"లేదండి."

"తినకుండా బండెక్కకూడదు. తిను. ఇక బరువు. కాటా ఇంకా రాలేదు, ఈ జన్మకి వస్తుందో రాదో. నిరుడు డెబ్బై ఎనిమిది. ఏదీ, ఇటు చూడు. భుజాలు బాగా తేలాయి ఈసారి. ఎనభై వేసుకోనా?"

"మీ ఇష్టమండి."

"ఏమ్మా, మీ తమ్ముడు ఒళ్ళు చేశాడు కదూ?"

"..."

"నిన్నేనమ్మా."

"ఆఁ... చేశాడండి."

"ఎనభై. సంతకం నీదేనా?"

"నాదేనండి."

"చదివే పెట్టావుగా?"

"వాడు చదివి వినిపించాడండి."

"జబ్బులేం లేవు కదా?"

"నాకు తెలియదండి."

"కాగితంలో ఉన్న మాటే అప్పజెప్తున్నావు, బాగుంది. అయిపోయిందయ్యా. ఫిట్టు. ముద్ర ఎక్కడ పెట్టానబ్బా? ఇదిగో, పుస్తకం కింద ఉంది. ఇక మళ్ళీ ఏడాదికి రా."

"మంచిదండి. పదక్కా."

"ఏడాదికా అండి?"

"ఏడాదికేనమ్మా. ప్రతి ఏడాదీ ఇంతేగా."

"మధ్యలో ఇంకెవరూ చూడరా వీణ్ణి?"

"అక్కా, పద."

"ఎందుకు చూడటం? రాయిలా ఉన్నాడు. ఉన్న రోగుల్ని చూడ్డానికే నాకు టైము చాలట్లేదు."

"రెండు నెలలకో, మూడు నెలలకో, ఎవరన్నా ఒకసారి..."

"ఎవరూ చూడరమ్మా. ఈ ముద్ర పడిందంటే ఏడాది దాకా ఇతని జోలికి ఎవరూ రారు. ఏంటి, అలా బల్ల పట్టుకుని నిలబడ్డావు? ఒంట్లో బాలేదా నీకు?"

"ఏం లేదండి, మా అక్క పొద్దున్నుంచీ నిలబడే ఉంది, అందుకని... అక్కా, నీకు దణ్ణం పెడతా, పద."

"ముద్ర వెయ్యకండి డాక్టరమ్మా. మీరు ఇందాకట్నుంచీ చూసిందంతా నా పనితనమండీ. ఆ కోటూ చొక్కా విప్పించి, ఒక్కసారి మా తమ్ముణ్ణి చూడండి."